పాత పికప్ కొంటున్నారా? రంగు చూసి బేరమాడకండి

టమాటా కోతలు దగ్గర పడుతున్నాయంటే మన పల్లెల్లో రచ్చబండ దగ్గర ఒక మాట తప్పకుండా వస్తుంది. "బాడుగలకే సగం పోతోంది, నలుగురం కలిసి ఒక పాత పికప్ కొనుక్కుంటే పోదా?" అని. మాటలో న్యాయం ఉంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు తోటలున్న వారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. కాయ కోసిన రోజు బండి దొరక్కపోతే మండీలో ధర ఎంత పలికినా మనకు ఒరిగేదేమీ లేదు. అయితే కొన్న బండి చెన్నై లోడుతో వెళ్తూ మొగిలి ఘాటులో ఆవిర్లు కక్కి నిలబడిపోతే ఏం చేస్తారు? ఆ రోజు కాయ పోయినట్టే. వేరే బండిలోకి మార్చే కూలీ, ఆ బండి బాడుగ మన నెత్తినే పడతాయి. అప్పు మీద వడ్డీ ఎలాగూ ఆగదు. అదే ఘాటు దిగేటప్పుడు బ్రేకు అందకపోతే నష్టం లెక్కపెట్టుకోవడానికి మనిషే మిగలడు.

అందుకని రైతు సోదరులారా, అడ్వాన్సు ఇవ్వక ముందే ఈ నాలుగు మాటలు చదవండి. ఇక్కడ పాత పికప్ అంటే టాటా 207, మహీంద్రా బొలెరో పికప్ వంటి బండ్లు. 2005లో వచ్చిన టాటా ఏస్, అదే మనం చిన్న ఏనుగు అనే బండి, వీటికంటే చిన్నది. అయినా చెప్పబోయే వాటిలో చాలా మటుకు దానికీ వర్తిస్తాయి.

పాత బండి కొనడం తెలివితక్కువ పని అని నేను అనను. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు భారత్ స్టేజ్-6 నిబంధన వచ్చింది. వాటిలో ఏ చిన్న తేడా వచ్చినా కంప్యూటరు తగిలించి చూడాల్సిందే. మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత బండిని మన మండల కేంద్రంలో మెకానిక్ చెట్టు కింద కూర్చుని విప్పి బిగిస్తాడు. సామాన్లు దొరుకుతాయి. సరిగ్గా వాడిన పాత బండి ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది. కానీ మన దగ్గర అమ్మకానికొచ్చే బండ్లలో ఎక్కువ భాగం మోయరాని బరువు మోసి అలిసిపోయినవి. ఇంజన్, క్లచ్, బ్రేకు, ఛాసిస్ ఏది చెడినా వెనక్కి వెతుక్కుంటూ పోతే చాలాసార్లు అధిక లోడు దగ్గరికే చేరతాం. కాబట్టి బండి ఎన్నేళ్లదని అడిగే ముందు ఇన్నాళ్లూ ఏం మోసిందని అడగండి. ఇసుక, కంకర, గ్రానైటు ముక్కలు తోలిన బండికి వెనక ఇరుసు, ఛాసిస్ అనుమానించాలి. కోస్తా నుంచి వచ్చిన బండి చేపలు, రొయ్యలు తోలి ఉంటే ఉప్పునీళ్లు కారి తొట్టి అడుగు, క్యాబిన్ నేల తుప్పు పట్టి ఉంటాయి. రబ్బరు మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. కొన్నిచోట్ల అది లోపలికి దిగిపోతుంది కూడా.

పట్టీ కొట్టించిన బండి

ముందు బరువు లెక్క చూద్దాం. ఆర్.సి.లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి లోడుతో కలిపి ఉండదగ్గ బరువు, రెండోది ఖాళీ బండి బరువు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే ఆ బండి మోయదగ్గ లోడు. డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి, తాళ్లు, పట్టాలు, అన్నీ అందులోనే. ఆ లోడు 1,250 కిలోలు అనుకుందాం. 25 కిలోల క్రేట్లు 50 వేస్తే కాయతోనే అది నిండిపోయింది. 75 కిలోల ధాన్యం బస్తాలైతే 16 వేస్తే 1,200 కిలోలు. మరి మన కళ్లముందు తిరిగే బండ్లలో ఎన్ని బస్తాలు వేస్తున్నారు? మీకే తెలుసు.

ఇంత బరువు వేస్తే వెనక కిందికి కుంగుతుంది. కుంగకుండా ఉండడానికి కమాను కట్టలో అదనంగా ఒక పట్టీ, కొందరు రెండు పట్టీలు కొట్టిస్తారు. అక్కడితో బండికి బలం వచ్చిందని నమ్మకం. నా అభిప్రాయంలో మన ప్రాంతంలో పికప్‌లకు జరిగే అపకారాల్లో ఇదే పెద్దది. పట్టీ వేస్తే తోక లేస్తుంది, అంతే. ఇరుసు, హౌసింగ్, బేరింగులు, చక్రాల బోల్టులు, బ్రేకు డ్రమ్ములు పాతవే. వాటి మీద బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు. పైగా కమాను బిగుసుకుపోవడంతో గుంతలో పడినప్పుడు కొట్టే దెబ్బ నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది. కమాను తగిలించే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక భాగంలో ఛాసిస్ బీట వారేది ఇలాగే.

ఇంకో సంగతి చాలామంది మెకానిక్కులు కూడా చెప్పరు. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. లోడు పడి బండి ఎంత కుంగితే, వెనక బ్రేకులకు అంత ఎక్కువ ఒత్తిడి పంపడం దాని పని. ఖాళీ బండికి తక్కువ పంపుతుంది, లేకపోతే వెనక చక్రాలు పట్టేసి బండి జారిపోతుంది. పట్టీలు పెంచి బండి కుంగకుండా చేశారనుకోండి. ఆ వాల్వు బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. రెండింతల లోడు వేసుకుని, వెనక బ్రేకు మాత్రం ఖాళీ బండికి పనిచేసినంతే పనిచేస్తుంది. ఇక ముందు చక్రాలే మొత్తం భారం ఆపాలి. ఘాటులో అవి కాలిపోక ఏమవుతాయి?

కొనేటప్పుడు బండి కిందికి దూరండి. సిగ్గుపడాల్సిన పని లేదు. కమాను కట్టల్లో పట్టీలు రెండు వైపులా లెక్కపెట్టండి. ఒకటి కొత్తగా, వేరే మందంలో ఉంటే అది తర్వాత వేసినదే. ఖాళీ బండి వెనక భాగం మరీ ఎత్తుగా నిలబడి ఉన్నా అదే సూచన. ఛాసిస్ మొత్తానికి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే సంతోషించకండి, ఎందుకు కొట్టారో అడగండి. క్యాబిన్ వెనక, బ్రాకెట్ల దగ్గర గుడ్డతో గట్టిగా తుడిచి వెల్డింగు గుర్తులు, గ్రైండరు గీతలు వెతకండి. ఆ తర్వాత తిన్నటి రోడ్డు మీద వేరేవాళ్లను నడపమని మీరు వెనక నుంచి చూడండి. బండి ఎండ్రకాయలా పక్కవాటుగా పోతుంటే కమాను సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందనో, ఛాసిస్ వంగిందనో అర్థం. ఛాసిస్ వంగిన బండి ఎంత చవకైనా వద్దు.

బ్రేకు

ఇంజన్ చెడితే బండి ఆగుతుంది, బ్రేకు చెడితే ఆగదు. అయినా కొనేవాళ్లు అరగంట సేపు ఇంజన్ చప్పుడు వింటారు, బ్రేకు మీద ఒక్కసారి కాలు పెట్టి సరే అంటారు.

చేయాల్సిన పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి పెడలు నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టి స్టార్ట్ చేయండి. పెడలు కాస్త కిందికి దిగాలి. దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. దిగకపోతే బూస్టరో, దానికి గాలి లాగే వాక్యూమ్ పంపో పాడైంది. ఈ డీజిల్ బండ్లలో చాలావాటికి ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది. ఇప్పుడు కాలు తీయకుండా ఒక నిమిషం గట్టిగా నొక్కి ఉంచండి. పెడలు మెల్లగా పాతాళానికి పోతుంటే మాస్టర్ సిలిండరు అయిపోయింది, లేదా ఎక్కడో ఆయిలు కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపూ చేత్తో తడిమి తడి ఉందేమో చూడండి. వెనక చక్రం దగ్గర తడి ఉంటే ఒక్కోసారి అది బ్రేకు ఆయిలు కూడా కాకపోవచ్చు. ఇరుసు సీలు పోయి గేరు ఆయిలు లైనింగు మీదికి వచ్చి ఉంటుంది. లైనింగుకు ఆయిలు అంటితే ఇక అది పట్టదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని ఆయిలులో నీరు చేరి, ఘాటులో బ్రేకులు వేడెక్కినప్పుడు అది ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. కొన్న మర్నాడే ఆయిలు మార్పించండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. రంగు వేయించడానికి అయ్యే ఖర్చులో ఇది ఏపాటి?

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసేవాళ్లు, ఇంకా ధైర్యవంతులైతే ఇంజనే ఆపేసేవాళ్లు ఉన్నారు. ఇంజన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది. రెండు మూడు తొక్కుళ్లకు బూస్టరు ఖాళీ. ఆ తర్వాత పెడలు రాయి తొక్కినట్టుంటుంది. అసలు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే డీజిల్ పంపే డీజిల్‌ను తగ్గించేస్తుంది, న్యూట్రల్‌లో మిగిలేదేమీ లేదు. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగమని పాత లారీ డ్రైవర్లు ఊరికే చెప్పలేదు.

హ్యాండ్ బ్రేకు చాలా పాత బండ్లలో పేరుకే ఉంటుంది. దాని బదులు చక్రం కింద రాయి పెడతారు. పెట్టిన రాయిని రోడ్డు మీదే వదిలి వెళ్తారు, రాత్రి మోటారు సైకిలు మీద వచ్చేవాడు దానికి బలవుతాడు. ఈ పాపం మాత్రం చేయకండి. ఒక చెక్క దుంగకు తాడు కట్టి బండిలో వేసుకుంటే సరిపోతుంది.

బోరు నీళ్లు, ఇంజన్ బోరు

మన బోరు నీళ్లు రోజూ కాచే గిన్నెలో తెల్లగా పొర కడుతుంది కదా. అదే పొర రేడియేటరు గొట్టాల్లో, ఇంజన్ లోపలి నీటి దారుల్లో కూడా కడుతుంది. ఖాళీగా తిరిగినంత సేపు ఏమీ తెలియదు. లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు నీళ్లు మరుగుతాయి. కూలెంటు ఖరీదని బోరు నీళ్లు పోసిన బండికి చివర హెడ్ గాస్కెట్ పోవడం, హెడ్డు వంకరపోవడం మామూలే. కొన్నాక ఒకసారి రేడియేటరు విప్పి శుభ్రం చేయించి, కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయించండి. ఫ్యాను బెల్టు బిగువు చూసుకోండి. రేడియేటరు రెక్కల్లో గడ్డి, దుమ్ము పేరుకుంటే నీళ్లను ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టి కడగండి.

వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. ఆ రోజుకు చల్లబడినట్టే ఉంటుంది. కానీ ఇంజన్‌కు ఉండాల్సిన వేడి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి. అసలు రోగం రేడియేటరులోనో వాటర్ పంపులోనో అలాగే ఉంటుంది. జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టినట్టు. ఇక దారిలో మరిగినప్పుడు వెంటనే మూత తీయకండి, చేతులు, మొహం కాలతాయి. అరగంటైనా ఆగి, గుడ్డ వేసి మెల్లగా తీసి, ఇంజన్ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి. కాలే ఇంజన్‌లో బిందెడు చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది.

బండి చూడడానికి తెల్లవారగానే, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లండి. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టి ఉంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు. రేడియేటరు మూత తీసి స్టార్ట్ చేయమనండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే గాస్కెట్ అనుమానం. ఆయిలు పోసే మూత విప్పి లోపల చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు ఉంటే ఆయిలులో నీళ్లు చేరాయి.

తర్వాత పొగ. స్టార్ట్ చేసిన కొత్తల్లో కాస్త తెల్లపొగ వచ్చి పోతే ఫరవాలేదు. వేడెక్కాక కూడా పోకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో చూడాలి. ఎక్కుడులో నల్లపొగ ఎక్కువైతే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడమో, నాజిళ్లు పాడవడమో, పంపు సెట్టింగు తప్పడమో. ఇది బాగుచేసుకోదగ్గ జబ్బే. నీలిపొగ వస్తుంటే ఇంజన్ ఆయిలు తాగుతోంది. ఇంజన్ తిరుగుతుండగా ఆయిలు మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే రింగులు, సిలిండర్లు అరిగిపోయినట్టు. మెకానిక్కుల భాషలో "బోరుకొచ్చింది" అంటారు. మనకు రెండు బోర్లూ అప్పులే తెచ్చిపెట్టాయి, ఏం చేస్తాం. అమ్మేవాళ్లు చిక్కటి ఆయిలు పోసి ఈ పొగను కొద్దిసేపు అణచగలరు. అందుకే ఐదు నిమిషాలు నడిపి సరే అనకండి. గంట సేపు, కాస్త లోడు వేసి, ఒక ఎత్తు ఎక్కించి చూడండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

డీజిల్ ఫిల్టరు కింద ఉండే బిరడా వారానికోసారి విప్పి చేరిన నీళ్లు వదలాలి. ట్యాంకు అడుగంటే దాకా నడిపితే గాలి పట్టి బండి ఆగుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా పంపులోకి పోతుంది.

క్లచ్ పరీక్షకు హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. బయలుదేరేటప్పుడు కింద 'టక్' మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు చూడండి. గ్రీజు కొట్టకపోవడం వల్లే అవి పోతాయి. నడుస్తుంటే వెనక 'గూ' అని మూలిగితే హౌసింగులో క్రౌన్ పినియన్, దానికి చేతి చమురు బాగా వదులుతుంది. ముందు చక్రాలు జాకీ మీద లేపి పైన కిందా పట్టి ఊపితే ఆట తెలుస్తుంది. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు పగుళ్లిచ్చిన టైరుతో లోడు వేయకూడదు. పని లేక నెలలు నిలబెట్టిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బ్యాటరీ పడిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి. వారానికోసారి స్టార్ట్ చేసి నాలుగు కిలోమీటర్లు తిప్పండి.

అసలు కొనాలా?

ఎకరా, రెండెకరాల రైతు ఒక్కడే సొంత కాయ కోసం బండి కొనడం నాకు సబబుగా తోచదు. వారానికి రెండు కోతల చొప్పున రెండు నెలలంటే 16 ట్రిప్పులు. మిగతా పది నెలలు అది చెట్టు కింద నిలబడి వడ్డీ తింటుంది. నలుగురు కలిస్తే లెక్క మారుతుంది. కానీ ఒక కట్టుబాటు కావాలి. సొంత లోడైనా సరే బయటివాళ్లకు తీసుకునే బాడుగే పుస్తకంలో రాసి ఉమ్మడి పెట్టెలో వేయాలి. మన బండే కదా అని ఊరికే తోలుకుంటే టైర్లు మార్చే రోజున నలుగురూ తగాదా పడతారు. నాలుగు లక్షలు సమకూరితే మూడు లక్షల బండి చూడండి. మిగిలిన లక్ష బ్రేకులకు, రేడియేటరుకు, టైర్లకు, కాగితాలకు.

"తక్కువ లోడు వేస్తే గిట్టదు, క్రేటుకింత అని బాడుగ ఇస్తారాయె" అంటారు. నిజమే, ఆ ఒత్తిడి ఉంది. అయినా లెక్క వేయండి. ఒక ట్రిప్పు మిగిలించుకోవడానికి క్లచ్, టైర్లు, ఇరుసు బేరింగులు సగం ఆయుష్షుకే మార్చాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన లోడు అక్కడే దించాలి. టమాటా ఎండలో రోడ్డు పక్కన దించితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కోతకు వెళ్లే ఆడవాళ్లను తొట్టిలో ఎక్కించే అలవాటు గురించి కూడా చెప్పాలి. సరుకు బండిలో సరుకు యజమానికి, లేదా ఆయన తరఫు మనిషికి 1994 సవరణ తర్వాత ఇన్సూరెన్సు రక్షణ ఉంది. కూలీకి వెళ్తూ తొట్టిలో కూర్చున్నవాళ్లకు అది వర్తించదు. ఏదైనా జరిగితే ఆ కుటుంబాలకు పరిహారం బండి యజమాని పొలం అమ్మి కట్టాలి. వాళ్లూ మన ఊరి అక్కచెల్లెళ్లే. వాళ్లకు వేరే ఆటో మాట్లాడండి.

చివరగా కాగితాలు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అది ఎప్పటిదాకా ఉందో చూడండి. ఫైనాన్సు బాకీ తీరి ఉంటే ఫారం 35తో ఆర్.సి.లో ఆ పేరు తీయించాలి. డబ్బు ఇచ్చిన రోజే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోండి. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు ఇవ్వాలి. మీరే పాత బండి అమ్మేవారైనా ఇది వదలకండి. ఆర్.సి.లో ఎవరి పేరుంటే ప్రమాదానికి బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బండి మీ ఇంటి ముందు లేకపోయినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.